సిమెంట్ లేచిందా, పన్ను దిగిందా: కడుపు యాసిడ్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 19

ఈ ప్రాజెక్టు ఎక్కడ మొదలైందో ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే రేపు ఎవరైనా అడిగినప్పుడు ఏవో పెద్ద మాటలు చెప్పాల్సొస్తుంది. మొదలైంది ఓపీలో. యాభై దాటిన ఆవిడ, కింది దవడ పళ్లకు కొన్నేళ్ల కిందట పంటి రంగు సిమెంట్ పెట్టించుకున్నారు. కుర్చీలో కూర్చున్నారో లేదో ఫిర్యాదు మొదలుపెట్టారు. "సిమెంట్ పైకి లేచిందమ్మా, నాలుకకు గీరుకుంటోంది, కాస్త అరగదీసి పంపించు."

చూస్తే ఆవిడ చెప్పింది నిజమే. రెండు దంతాల మీద ఆ సిమెంట్, అంటే కాంపోజిట్ ఫిల్లింగ్, చెరువు ఎండినప్పుడు మధ్యలో మిగిలిన దిబ్బలా, చుట్టూ ఉన్న పన్ను కంటే ఎత్తుగా నిలబడి ఉంది. నేను అరగదీసే ఎయిరోటర్ చేతిలోకి తీసుకున్నాను కూడా. అటుగా వెళ్తున్న మా గైడ్ మేడమ్ వంగి చూసి "ఆగు" అన్నారు. మౌత్ మిర్రర్‌తో పై ముందు పళ్ల వెనకవైపు చూపించారు. అంగిలివైపు ఎనామెల్ (పంటి గట్టి పైపొర) గాజుపెంకులా నున్నగా అయిపోయి, మధ్యలో పసుపుపచ్చగా లోపలి పొర డెంటిన్ కనిపిస్తోంది. "అమ్మా, రాత్రిళ్లు పుల్లటి త్రేన్పులు వస్తాయా?" అని అడిగారు. "ఎందుకు రావు తల్లీ, ఏళ్ల తరబడి అదే బాధ, పడుకుంటే చాలు గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుకొస్తాయి."

అంటే లేచింది సిమెంట్ కాదు, పన్నే కిందికి దిగిపోయింది. అప్పుడు అరగదీసి ఉంటే ఉన్న ఒక్క గట్టి భాగాన్నీ నా చేత్తో నేనే తీసేసేదాన్ని. పేషెంట్ వెళ్లాక నాకొక ప్రశ్న మిగిలింది: పన్నునే కరిగించిన యాసిడ్ ఆ సిమెంట్‌ని ఏమీ చేయలేదా? "చూసి చెప్పు మరి" అన్నారు మేడమ్. ఇలాంటి మాట పొరపాటున కూడా మేడమ్ ముందు అనకూడదని జూనియర్లకు ఇప్పుడే చెప్తున్నాను.

ఫిబ్రవరి 27

మెటీరియల్స్ మూడు ఖాయం చేశాం. కన్వెన్షనల్ గ్లాస్ అయనోమర్ (మేం పిలిచేది జీఐసీ అనే), రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిపిన జీఐసీ, నానోహైబ్రిడ్ కాంపోజిట్. కంపెనీల పేర్లు ఇక్కడ రాయను. ఒక్కో మెటీరియల్‌తో పోసిన పదేసి చిన్న గుండ్రటి బిళ్లలతో చేసే పనికి ఒక కంపెనీని పొగడటం, ఇంకోదాన్ని తిట్టడం న్యాయం కాదు.

మూడూ పంటి రంగులోనే ఉంటాయి గానీ లోపల దేని దారి దానిది. జీఐసీ 1970ల మొదట్లో లండన్‌లో విల్సన్, కెంట్ తయారుచేసింది. ఫ్లోరైడ్ ఉన్న గాజుపొడిని పాలీయాక్రిలిక్ యాసిడ్‌తో కలిపితే, గాజులోంచి బయటికొచ్చిన కాల్షియం, అల్యూమినియం అయాన్లు యాసిడ్ గొలుసులను ఒకదానికొకటి కట్టేస్తాయి, అలా గట్టిపడుతుంది. పుట్టుకే యాసిడ్‌తో అన్నమాట. కాంపోజిట్‌ది వేరే కథ, 1962లో బోవెన్ పేటెంట్ పొందిన బిస్-జీఎంఏ లాంటి రెజిన్‌లో సన్నటి గాజు, సిలికా రేణువులు దట్టించి ఉంటాయి, లైటు వేస్తే గట్టిపడుతుంది. రెజిన్ జీఐసీ ఈ రెండింటికీ పుట్టిన పిల్ల.

ఒక్కోదానివి ఇరవై బిళ్లలు, పది యాసిడ్‌లో, పది డిస్టిల్డ్ వాటర్‌లో. మొత్తం అరవై. రాసేటప్పుడు చిన్న అంకెలాగే అనిపించింది.

మార్చి 6

కడుపు యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది 0.06 మోలార్ (గాఢత కొలత), pH 1.2 (pH అంటే ఆమ్లత్వం కొలత, అంకె ఒకటి తగ్గితే యాసిడ్ పది రెట్లు ఎక్కువ). సీసాలో ఉన్న గాఢమైనది 37 శాతం, అంటే దాదాపు 12 మోలార్, కాబట్టి లీటరుకు 5 మిల్లీలీటర్లు చాలు. ఇంత తక్కువా అని నేను రెండుసార్లు లెక్క వేశాను. ఎనామెల్ దాదాపు 5.5 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి 1.2కి దిగామంటే హైడ్రోజన్ అయాన్లు ఇరవై వేల రెట్లు పెరిగినట్టు. రాత్రి పడుకున్నాక గొంతులోకి వచ్చే ఆ పుల్లటి నీళ్లు ఎంత చిక్కనివో ఈ లెక్క వేసిన రోజే నాకు తెలిసొచ్చింది.

ఫ్యూమ్ హుడ్‌లో, ముందు నీళ్లు, ఆ నీళ్లలోకి యాసిడ్. తిరగేసి యాసిడ్‌లో నీళ్లు పోస్తే చిమ్ముతుందని ఇంటర్ నుంచి వింటున్నదే అయినా, చేతిలో పిపెట్ ఉన్నప్పుడు ఆ వాక్యం వేరేగా వినిపిస్తుంది.

చిక్కు pH మీటర్ దగ్గర వచ్చింది. మా ల్యాబ్‌లో ఉన్న బఫర్లు (మీటర్ సరిచేసుకునే, pH ముందే తెలిసిన ద్రావణాలు) 4, 7, 9.2. వాటితో సరిచేసిన మీటర్ 1.2 దగ్గర సరిగ్గా చూపిస్తుందన్న నమ్మకం ఏముంది? చీరలు కొలిచే కర్రతో దారం మందం కొలిచినట్టు. మేడమ్ టైట్రేషన్ చేయించారు, అంటే క్షారం చుక్కచుక్కగా కలిపి యాసిడ్ ఎంతుందో లెక్కగట్టడం. డిగ్రీ పిల్లలు చేసే పని, గులాబీరంగు ఒక్క చుక్క దగ్గర ఆగాలి, నేను మూడుసార్లు దాటేశాను. నాలుగోసారి లెక్క కుదిరింది.

మార్చి 14

ఈరోజంతా వృథా.

టెఫ్లాన్ మోల్డ్, 10 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం. కింద గాజు స్లైడ్, దాని మీద మైలార్ స్ట్రిప్ (సన్నటి ప్లాస్టిక్ పట్టీ), మెటీరియల్ నింపి, మళ్లీ స్ట్రిప్, మళ్లీ స్లైడ్, వేలితో నొక్కి పట్టుకోవడం. కాంపోజిట్ బిళ్లలు గారెలు వేసినంత తేలిగ్గా వచ్చాయి. రెజిన్ జీఐసీ కూడా మాట విన్నది. జీఐసీ మాత్రం పొడి ఎక్కువైతే మోల్డ్ నిండకముందే బిగుసుకుపోతుంది, లిక్విడ్ ఎక్కువైతే జావ. కంపెనీ ఇచ్చిన స్కూప్‌తో కొలిచినా, స్కూప్‌ని సీసా అంచుకు ఎలా గీరామన్నదాన్ని బట్టే తేడా వస్తోంది. చివరికి పొడిని బ్యాలెన్స్ మీద తూచాను.

సాయంత్రానికి ఇరవై రెండు మంచి బిళ్లలు వచ్చాయి. తెల్లగా, ఒకే సైజులో, బటన్ల షాపులో పెట్టినట్టున్నాయి. టిష్యూ పేపర్ మీద వరసగా పేర్చి, ఫోటో తీసి, టీకి వెళ్లాను. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

తిరిగొచ్చి చూస్తే ఒక బిళ్ల మీద వెంట్రుక పడిందనుకుని ఊదాను. పోలేదు. లూప్స్ (పెద్దగా చూపించే కళ్లద్దాలు) పెట్టుకుని చూస్తే అది వెంట్రుక కాదు, బీట. పక్కదాని మీద రెండు, ఆ పక్కదాని మీద సాలెగూడులా నాలుగు. ఎండాకాలం చెరువు అడుగు పగిలినట్టే, కాకపోతే పది మిల్లీమీటర్లలో. జీఐసీ లోపల నీళ్లు దాని నిర్మాణంలో భాగమే, గట్టిపడిన మొదటి గంటల్లో ఆరిపోతే ముడుచుకుని పగులుతుంది, మొదట్లోనే నీళ్లు తగిలితే కరుగుతుంది. రెండూ కూడదు కాబట్టే నోట్లో పెట్టగానే వార్నిషో వ్యాజెలీనో రాస్తాం. రోజూ పేషెంట్‌కి రాసేదాన్ని, నా బిళ్లలకు రాయడం మర్చిపోయాను. ఇరవై రెండులో పనికొచ్చేవి మూడు.

అటెండర్ బాబాయ్ డస్ట్‌బిన్‌లోకి తొంగి చూసి "పోనీలే డాక్టరమ్మా, దిష్టి పోయింది" అన్నాడు.

మార్చి 15

మళ్లీ చేశాను. వ్యాజెలీన్, తడి పెట్టె, ఫ్యాన్ బంద్. అన్నీ బావున్నాయి.

మార్చి 28

పాలిషింగ్ డిస్కులతో ముతక నుంచి సన్నం వరకు అన్నిటినీ ఒకే తీరులో మెరుగుపెట్టి, అరవై బిళ్లలూ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లాను. హార్డ్‌నెస్ (గట్టిదనం) టెస్టర్ మా దగ్గర లేదు. అక్కడి ల్యాబ్ అన్న ఇనుము, అల్యూమినియం తప్ప చూసినట్టు లేడు, "ఇదేంది మేడమ్, సుద్దబిళ్లా?" అని అడిగాడు. పన్నులో పెట్టే సిమెంట్ అన్నాక మాత్రం తన నోరు తెరిచి ఒక దంతం చూపించాడు. ఎక్కడికెళ్లినా ఇదే.

వికర్స్ పరీక్షలో పిరమిడ్ ఆకారంలో ఉన్న వజ్రపు మొనని 100 గ్రాముల బరువుతో 15 సెకన్లు గుచ్చుతారు. తీసేశాక మైక్రోస్కోప్‌లో చూస్తే ముగ్గులో చుక్కల మధ్య గీసే డైమండ్ గుర్తు లాంటి గుంట కనిపిస్తుంది. దాని మూలనుంచి మూలకి కొలవాలి. గుంట ఎంత పెద్దదైతే మెటీరియల్ అంత మెత్తన. కాంపోజిట్ మీద గుంట అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి, కర్ణం 51 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), అంటే హార్డ్‌నెస్ 71. జీఐసీ మీద మాత్రం ఒక మూల గాజురేణువు మీద పడిందనుకుంటా, గుంట వంకరగా వచ్చింది. ఒక్కో బిళ్ల మీద మూడుచోట్ల గుచ్చి సగటు తీయమన్నది ఇందుకే. జీఐసీలో 55 మైక్రాన్ల దగ్గర ఉన్నవే ఎక్కువ, అంటే సుమారు 61.

గరుకుదనం కొలిచే ప్రొఫైలోమీటర్ కూడా అక్కడే ఉంది. మాకు లక్ష్మణరేఖ లాంటి అంకె 0.2 మైక్రాన్లు, అది దాటితే ఆ ఉపరితలం మీద పాచి ఎక్కువగా పట్టుకుంటుంది. కాంపోజిట్ ఆ గీత కింద ఉంది. జీఐసీ యాసిడ్ చూడకముందే గీత దాటేసి ఉంది, దాని లోపల గాజురేణువులు పెద్దవి మరి.

ఏప్రిల్ 4

యాసిడ్‌లో ముంచాం. ఒక్కో బిళ్లకి ఒక్కో చిన్న సీసా, 5 మిల్లీలీటర్లు, 37 డిగ్రీల ఇంక్యుబేటర్, మొత్తం 24 గంటలు.

24 గంటలంటే పేషెంట్ జీవితంలో ఎంత? చాలామంది ఇన్నేళ్లకు సమానం అని ధీమాగా రాసేస్తారు. రోజుకి ఐదు నిమిషాలు పంటి మీద యాసిడ్ ఉంటుందనుకుంటే 1440 నిమిషాలకు 288 రోజులు. పది నిమిషాలనుకుంటే దాంట్లో సగం. ఆ ఐదు ఎక్కడి నుంచి వచ్చిందంటే నేను అనుకున్నదే. పైగా నోట్లో లాలాజలం ఉంటుంది, యాసిడ్‌ని పలచన చేస్తుంది, విరిచేస్తుంది, పంటి మీద సన్నటి పొరలా కాపలా కాస్తుంది. నా సీసాలో ఆ కాపలా లేదు. ఒక్క సంగతి ఏంటంటే, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, ఆ పేషెంట్‌కి పులినీళ్లు వచ్చేది కూడా అప్పుడే. అందుకే రాత్రివేళకు నా సీసా కొంచెం దగ్గరగా ఉందనుకోవచ్చు, అంతకంటే గొప్పలు చెప్పను.

ఏప్రిల్ 5

బిళ్లలు తీశాక సీసాలు కడిగేయబోతూ ఊరికే ఒకదాంట్లో మీటర్ ముంచాను. కాంపోజిట్ సీసా 1.2, నిన్న ఉన్నట్టే. జీఐసీ సీసా 1.5. మీటర్ తప్పేమో అనుకుని మిగతావీ చూశాను, అటూ ఇటూగా అంతే ఉన్నాయి. (ఈ మీటర్‌ని నేనే నమ్మనన్నాను, కానీ ఒకే మీటర్‌తో పక్కపక్కన చూసిన తేడాని నమ్మొచ్చు.)

0.3 తేడాయే కదా అని వదిలేసేదాన్ని. pH లాగ్ లెక్క అని గుర్తొచ్చాక కాళ్లు చల్లబడ్డాయి. 0.3 పెరిగిందంటే సగం యాసిడ్ ఖర్చయిపోయినట్టు. జీఐసీ తనని తినే యాసిడ్‌ని తానూ తింటోంది. హైడ్రోజన్ అయాన్లు వెళ్లి కాల్షియం, అల్యూమినియం కట్లు విప్పుతాయి, విప్పిన చోటల్లా ఒక్కో హైడ్రోజన్ అక్కడే అతుక్కుపోతుంది. గొలుసులు ఊడితే మధ్యలో ఉన్న గాజురేణువులు పట్టు తప్పి రాలిపోతాయి. బిళ్ల మీద వేలు పెడితే బలపం ముట్టుకున్నట్టు తెల్లగా అంటుకుంది.

దీనర్థం నా ప్రయోగంలో కాంపోజిట్‌కి పూర్తి యాసిడ్ దొరికింది, జీఐసీకి పోనుపోను పలచబడింది దొరికింది. అంటే జీఐసీకి జరిగిన నష్టాన్ని నేను తక్కువగా చూపిస్తున్నాను. మేడమ్‌కి చెప్పాను, తిడతారనుకున్నాను, "ఇది రాయి, ఇదే రాయాల్సింది" అన్నారు. కొత్త బిళ్లలు, ఆరు గంటలకోసారి తాజా యాసిడ్. అంటే రాత్రి రెండింటికి హాస్టల్ నుంచి ల్యాబ్‌కి.

ఏప్రిల్ 17

రెండో విడత ఫలితాలు. ముందు బరువులు. కాంపోజిట్ బిళ్ల ఒకటి 0.3312 గ్రాములుండేది, యాసిడ్‌లో రోజంతా నానాక 0.3319. బరువు పెరిగింది! యాసిడ్ తినాల్సింది పోయి తినిపించిందా అని ఫ్రెండ్ నవ్వింది. నీళ్లలో పెట్టిన బిళ్లలూ దాదాపు అంతే పెరిగాయి. రెజిన్ నీళ్లు పీలుస్తుంది, అంతే. అందుకే కంట్రోల్ గ్రూప్ లేని బరువుల పట్టిక చూస్తే ఇకమీదట నేను పేజీ తిప్పేస్తాను.

హార్డ్‌నెస్: కాంపోజిట్ గుంట 51 నుంచి 53 మైక్రాన్లకు పెరిగింది, అంటే 71 కాస్తా 66. జీఐసీ 55 నుంచి 68కి, అంటే 61 కాస్తా 40. రెజిన్ జీఐసీ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. మొదటి నుంచీ కాంపోజిట్ కంటే మెత్తనిదే అయినా, రెజిన్ అల్లిక పట్టి ఉంచడం వల్ల జీఐసీ అంత కుప్పకూలలేదు. గరుకుదనం కాంపోజిట్‌లో కొద్దిగానే పెరిగి 0.2 కిందే ఆగింది. జీఐసీ దాదాపు మైక్రాన్ దాకా పోయింది.

మెత్తబడటం కాంపోజిట్‌లో కూడా ఉంది, ఎందుకంటే రెజిన్‌లో ఎస్టర్ బంధాలుంటాయి, వాటిని నీళ్లు తెంచుతాయి, యాసిడ్ ఆ పనిని తొందర చేస్తుంది. రేణువుని రెజిన్‌కి అతికించే సిలేన్ పొర కూడా నీళ్లకి లొంగేదే. కాకపోతే నిదానంగా.

పట్టిక చూసి నాకు భలే తృప్తి. కాంపోజిట్ ఫస్ట్, రెజిన్ జీఐసీ సెకండ్, జీఐసీ థర్డ్. యాసిడ్ ఉన్న పేషెంట్‌కి కాంపోజిట్ పెట్టండి, ప్రాజెక్టు అయిపోయింది. మేడమ్ పట్టిక పక్కన పెట్టి ఒక్కటే అడిగారు: "ఇందులో పన్ను ఎక్కడుంది?"

మే 2

ఇంక్యుబేటర్ 37కి పెడితే 40 చూపిస్తోంది. పాడైందని కంప్లెయింట్ రాయబోయాను. బాబాయ్ గోడ మీద థర్మామీటర్ చూపించాడు, గదే 41. ఇంక్యుబేటర్‌కి వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. మే నెలలో మన ఊళ్లో కడుపు యాసిడ్ ప్రయోగానికి ఏసీ కావాలని ఏ పుస్తకంలోనూ రాయరు. ఏసీ ఉన్న సెమినార్ హాల్ మూలకి మార్చాం.

మే 9

మేడమ్ అడిగిన పన్ను కోసం ఈసారి నిజం పళ్లే: ఆర్థో (పళ్ల వరస సరిచేసే విభాగం) వాళ్లు క్లిప్పుల కోసం తీయించిన ప్రీమోలార్లు (కోరపన్ను వెనకుండే పళ్లు), ఎథికల్ కమిటీ అనుమతితో, పాడవకుండా థైమాల్ ద్రావణంలో దాచినవి. పక్కవైపు చిన్న క్యావిటీ కొట్టి, మూడు రకాల సిమెంట్లూ నింపి, పంటితో సమానంగా పాలిష్ చేశాను. నఖం గీస్తే ఎక్కడ పన్ను ఆగి ఎక్కడ సిమెంట్ మొదలైందో తెలియనంత సమానంగా. ఫిల్లింగ్, దాని చుట్టూ రెండు మిల్లీమీటర్లు వదిలి మిగతా పన్నంతా నెయిల్ పాలిష్ పూశాను, యాసిడ్ అక్కడికి పోకుండా. (బిళ్లలకి కూడా సగం నెయిల్ పాలిష్ వేద్దామనుకున్నాను గానీ, తీయాలంటే అసిటోన్ కావాలి, అసిటోన్ రెజిన్‌నే మెత్తబరుస్తుంది. ఇక్కడ తీయను కాబట్టి పర్వాలేదు.)

ఆరు గంటలు చాలు. తీసి కడిగి ఆరబెట్టి చూస్తే ముందు కనిపించింది రంగు, ఎనామెల్ మెరుపు పోయి ముగ్గుపిండి అద్దినట్టయింది. ప్రోబ్ (పళ్లు తడిమి చూసే సన్నటి మొన) తీసుకుని కాంపోజిట్ పన్ను మీద ఫిల్లింగ్ వైపు నుంచి బయటికి జరిపాను. టక్. మెట్టు దిగినట్టు దిగింది. ఇంకోవైపు నుంచి జరిపాను, మళ్లీ టక్. ఫిల్లింగ్ అంచు గోడ కొంతమేర బయటపడి ఉంది, పొద్దున దాకా పన్ను లోపల దాక్కున్న గోడ. కళ్లు మూసుకుని ఇంకోసారి జరిపాను. ఓపీలో ఆవిడ నాలుకకు తగిలింది ఇదే.

జీఐసీ పన్ను మీద అలాంటి మెట్టు లేదు. సిమెంటూ దిగింది, పన్నూ దిగింది, రెండూ కలిసి ఒక పల్లెంలా అయ్యాయి, ప్రోబ్ జారిపోతోంది గానీ ఆగట్లేదు. నాలుకకు ఏమీ తెలియదు. పేషెంట్ ఫిర్యాదు చేయదు. నా పట్టికలో థర్డ్ వచ్చిన సిమెంట్ నోట్లో నోరుమూసుకుని ఉంటుంది, ఫస్ట్ వచ్చినది గీరుకుంటూ గొడవ చేస్తుంది, ఆ గొడవ వల్లే కదా ఆవిడ మా దగ్గరికొచ్చింది.

అందుకని జీఐసీ మంచిదనట్లేదు, కరిగిపోయే సిమెంట్ కరిగిపోయేదే. కానీ కాంపోజిట్ కూడా ఆ బయటపడ్డ అంచు దగ్గరే చిక్కులో పడుతుంది, దాన్ని పట్టి ఉంచిన ఎనామెల్ అక్కడే పోతోంది కాబట్టి. బిళ్లకి అంచు లేదు. రెండు నెలలు బిళ్లల్ని కొలిచి, అసలు గొడవ జరిగే చోటుని మోల్డ్ బయటే వదిలేశాను.

మే 16

ఆవిడ రివ్యూకి వచ్చారు. జనరల్ హాస్పిటల్‌కి రాసి పంపించాం, ఖాళీ కడుపున వేసుకునే మాత్ర ఇచ్చారట, తల వైపు మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టారట, రాత్రి అన్నం ఎనిమిదికే తినేస్తున్నారట. "పులినీళ్లు వచ్చినప్పుడు ఏం చేసేవారమ్మా?" అని అడిగాను. "ఏముంది, నోరంతా పాడుగా ఉంటుంది కదా, లేచి గట్టిగా బ్రష్ చేసుకుని పడుకునేదాన్ని."

నాకు ముగ్గుపిండిలా అయిన ఆ ప్రీమోలార్ కళ్లముందు కదిలింది. యాసిడ్‌కి మెత్తబడిన పొర మీద బ్రష్ వేస్తే అది తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు నీళ్లతో పుక్కిలించండి, గ్లాసు నీళ్లలో చిటికెడు వంటసోడా వేసుకుంటే ఇంకా మంచిది, బ్రష్ మాత్రం అప్పుడే వద్దు అని చెప్పాను. కడుపుతో ఉండి వాంతులవుతున్న వాళ్ల కోడలికి కూడా ఇదే చెప్పొచ్చా అని అడిగారు. తప్పకుండా చెప్పండన్నాను.

సిమెంట్ అరగదీయలేదు. పక్కన దిగిపోయిన పంటి మీద కాంపోజిట్ కలిపి సమం చేశాం. పని చేసే ముందు పంటికి పూసేది కూడా 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్లే, పదిహేను సెకన్లు పెట్టి కడిగేస్తాం. నీలంరంగు జెల్ పూస్తుంటే మూడు నెలల్లో మొదటిసారి గడియారం వైపు నిజంగా చూశాను.

మే 21

ప్రోటోకాల్ మార్చి రాసిచ్చాను. ఈసారి బిళ్లలు లేవు, అన్నీ పళ్లే. ఐదు నిమిషాలు యాసిడ్, తర్వాత కృత్రిమ లాలాజలం, మళ్లీ యాసిడ్, సగం పళ్లకి మధ్యలో బ్రష్. మెట్టు ఎత్తుని ప్రొఫైలోమీటర్ మీద కొలవాలి, ఇంజనీరింగ్ కాలేజీ అన్న జూన్ రెండో వారంలో రమ్మన్నాడు, తన దంతం ఎక్స్‌రే కూడా అప్పుడే చూసి చెప్పమన్నాడు. ఆర్థో వాళ్లని ఇంకో ముప్పై పళ్లు అడిగాను. నెయిల్ పాలిష్ అయిపోయింది, ఎర్రది తీసుకురావాలి, క్లియర్‌ది పూస్తే ఎక్కడ పూశానో నాకే కనపడట్లేదు.